కంట్రోలులో ఉన్నది ఏ రోలు?

"మా అత్తగారు ఇంటిల్లిపాదినీ కంట్రోల్లో పెట్టారండీ!"

"వాడా? వాడు పెళ్ళాం కంట్రోల్లో ఉన్నాడు. ఇంక మన మాటేం వింటాడు!"

"డాక్టరుగారూ, ఎన్ని మాత్రలు మింగినా షుగరు కంట్రోలవడం లేదు."

"నోరు కాస్త కంట్రోల్లో పెట్టుకోవే తల్లీ, చుట్టాలున్నారు!"

తెల్లారి లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఈ మాట మనిళ్ళలో ఎన్నిసార్లు దొర్లుతుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఇంగ్లీషు ముక్క రాని నాయనమ్మలు కూడా ఇట్టే అనేస్తారు. బస్సు, టిక్కెట్టు, కాఫీల్లాగా ఇదీ మనింటి మాటే అయి కూర్చుంది. అర్థం అడిగితే "అదుపు", "పెత్తనం", "చెప్పుచేతల్లో పెట్టుకోవడం" అని టక్కున చెప్పేస్తాం కూడా.

కానీ ఈ మాట పుట్టినప్పుడు దాని అర్థం పెత్తనం కాదు. లెక్కల పుస్తకం! అదీ మొదటి పుస్తకం కాదు, రెండో పుస్తకం. నమ్మబుద్ధి కావడం లేదు కదూ? అయితే పదండి, హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళొద్దాం. ఇంగ్లండుకి తరవాత వెళదాం.

బస్టాండులో కంట్రోలరు

బెజవాడ నుంచి ఏలూరు పోయే జాతీయ రహదారిలో గన్నవరం, తేలప్రోలు, వీరవల్లి దాటాక వస్తుంది జంక్షన్. కాగితాల మీద ఊరు బాపులపాడు. బస్సు బోర్డు మీదా, కండక్టరు కేకలోనూ, జనం నోటా మాత్రం హనుమాన్ జంక్షనే. ఆ పేరుతో 2001లో సినిమా కూడా వచ్చింది. ఒకవైపు నూజివీడు రోడ్డు, ఇంకోవైపు గుడివాడ రోడ్డు. 2022లో జిల్లాలు విడగొట్టాక ఇంకో తమాషా జరిగింది. జంక్షన్ కృష్ణా జిల్లాలో ఉండిపోయింది. నూజివీడు ఏలూరు జిల్లాలోకి పోయింది. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. ఒక్క కూడలి నుంచి కాస్త దూరం పోతే చాలు, మూడు జిల్లాలు తగులుతాయి!

ఇన్ని దార్లు కలిసేచోట బస్సుల రద్దీ గురించి చెప్పాలా? మీరు ఏ ఆర్టీసీ బస్టాండుకి వెళ్ళినా ఒక గదిలో రిజిస్టరు ముందేసుకుని కూర్చునే ఉద్యోగి ఉంటారే, ఆయన్ని ఏమంటారు? కంట్రోలరు! ఆయన బస్సు తోలరు, టిక్కెట్టు కొట్టరు, డ్రైవర్లని దండించే పనీ ఆయనది కాదు. బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది అని రాసుకుంటారు. కండక్టరు దగ్గర ఆయన షీటు ఆయనకుంటుంది. దాంట్లో ఒక లెక్క, ఇక్కడి రిజిస్టర్లో ఒక లెక్క. రెండూ పక్కపక్కన పెడితే కలవాలి. కలవకపోతే ఎక్కడో తేడా ఉందన్నమాట.

బస్సు ఎక్కడుందో ఫోన్లోనే కనిపించే రోజులు వచ్చాయి గనక ఈ రిజిస్టరు ఎన్నాళ్ళుంటుందో మరి. కానీ పాఠకురాళ్ళూ, వందల ఏళ్ళనాటి 'కంట్రోలు' అసలు అర్థాన్ని ఇంకా చేతుల్లో పట్టుకుని కూర్చున్న మనిషి ఎవరన్నా ఉంటే, అది బస్టాండులో కంట్రోలరుగారే!

ఎదురు చుట్ట

వెనకటి ఐరోపాలో కచ్చేరీ లెక్కల్ని చాలా చోట్ల పొడుగాటి తోలు కాగితం మీద రాసి చాప చుట్టినట్టు చుట్టిపెట్టేవారు. లాటిన్ భాషలో చక్రాన్ని 'రోటా' అంటారు. ఆ చుట్టకి 'రోటులస్' అని పేరు పెట్టారు, బుల్లి చక్రం అన్నట్టుగా. ఫ్రెంచివాళ్ళ నోట్లో పడి అదే 'రోల్' అయింది. ('రోలు' అనగానే గోంగూర పచ్చడి నూరే మన రోలు గుర్తొస్తే తప్పు నాది కాదు!) 'కాంట్రా' అంటే ఎదురు. ఈ రెండూ కలిపితే 'కాంట్రా రోటులస్', అంటే ఎదురు చుట్ట. ఒక ఉద్యోగి రాసిన లెక్కకి ఎదురుగా, వేరే ఉద్యోగి తన చేత్తో విడిగా రాసిపెట్టే రెండో లెక్క. ఆ రెండో లెక్కతో మొదటిదాన్ని సరిచూడటమే 'కంట్రోల్' చెయ్యడం. పద్నాలుగో శతాబ్దం మొదట్లో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఈ మాటకి అర్థం అంతే. ఒకరి మెడలు వంచడం దాంట్లో ఎక్కడా లేదు.

ఇంగ్లీషు కవిత్వానికి తాతగారని చెప్పుకునే ఛాసర్ పేరు విన్నారా? కాలేజీలో ఇంగ్లీషు చదివిన అమ్మాయిలకి 'కాంటర్‌బరీ కథలు' గుర్తుండే ఉంటాయి. ఆ మహాకవి పొట్టకూటి ఉద్యోగం ఏమిటో తెలుసా? 1374లో ఆయన్ని లండన్ రేవులో ఉన్ని, తోళ్ళ మీద సుంకానికి కంట్రోలరుగా వేశారు. సుంకం వసూలు చేసేవాళ్ళు వేరే. వాళ్ళ లెక్కకి ఎదురు లెక్క రాయడం ఈయన పని. అదీ సొంత చేత్తో రాయాలని షరతు! గుమాస్తాని పెట్టి రాయించేస్తే కుదరదన్నమాట. పగలంతా ఉన్ని మూటల లెక్కలు, రాత్రిళ్ళు పద్యాలు. పాపం, ఇంటిపనీ ఆఫీసుపనీ చేసుకుంటూ మధ్యలో కథ రాసుకునే మన రచయిత్రులకి ఆయన కష్టం తెలుస్తుంది.

ఆ షరతు ఎందుకో ఒక్క క్షణం ఆలోచించండి. రెండు పుస్తకాలూ ఒకే చేతిలో ఉంటే సరిచూసేదేముంది? ఒకటి ఇంకోదానికి నకలవుతుంది, అంతే. రెండో లెక్క రెండో చేత్తో రాస్తేనే దానికి విలువ.

మన దేశంలో 'కాగ్' అని వార్తల్లో వింటుంటారు చూడండి, ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే పెద్ద ఉద్యోగి. రాజ్యాంగం 148వ అధికరణంలో ఉంది ఆ పదవి. దాని మొదటి మాట ఇంగ్లీషు అక్షరాల్లో 'కాంప్ట్రోలర్' అని ఉంటుంది, పలకడం మాత్రం 'కంట్రోలర్' అనే. వెనకటికి ఎవరో పండితులు ఇది లెక్క అనే అర్థం ఉన్న 'కాంప్ట్' అనే ఫ్రెంచి మాటలోంచి వచ్చిందని పొరబడి మధ్యలో ఒక అక్షరం ఇరికించారు. తప్పని తెలిశాక కూడా ఎవరూ తియ్యలేదు. ఐదువందల ఏళ్ళుగా ఆ తప్పు దర్జాగా కుర్చీలో కూర్చునే ఉంది!

ఇక ఆ 'రోల్' మాత్రం మన చుట్టూనే తిరుగుతోంది. పిల్లల రోల్ నంబరు, ఉపాధి హామీ పనిలో మస్టర్ రోలు అన్నీ ఆ చుట్టలే. సినిమాలో హీరోయిన్ 'రోల్' కూడా! నాటకంలో ఎవరి మాటలు వాళ్ళకి చుట్ట మీద రాసిచ్చేవారట ఫ్రెంచివాళ్ళు. ఆ చుట్టే పాత్ర అయిపోయింది.

వంటింట్లో కంట్రోలు

సైన్సు చదివే పిల్లల్ని అడగండి, ప్రయోగంలో 'కంట్రోల్' అంటే ఏమిటని. పోల్చి చూడటానికి ఏ మార్పూ చెయ్యకుండా పక్కన పెట్టుకునేది అంటారు. అదీ పాత అర్థమే, ఎదురు లెక్క.

ఇది మీరూ ఇంట్లో చెయ్యొచ్చు. ఇడ్లీ పిండిలో ఉప్పు రాత్రే కలపాలా, పొద్దున కలపాలా అని అత్తాకోడళ్ళ మధ్య ఎప్పుడూ వాదనే కదా. ఈసారి రుబ్బిన పిండి రెండు సమానమైన గిన్నెల్లోకి తియ్యండి. ఒకదాంట్లో రాత్రే ఉప్పు కలపండి. రెండోదాన్ని అలాగే వదిలెయ్యండి. రెండు గిన్నెలూ ఒకేచోట పెట్టండి, ఒకటి పొయ్యి పక్కన, ఒకటి కిటికీలో పెడితే పరీక్ష కాదు! పొద్దున ఏది ఎంత పొంగిందో చూసి, రెండోదాంట్లో అప్పుడు ఉప్పు కలిపి, ఒకే కుక్కర్లో రెండు వాయిలు వెయ్యండి. వాదన ఎవరు గెలిచినా టిఫిను మాత్రం ఇంటిల్లిపాదికీ వస్తుంది.

పెత్తనం ఎప్పుడొచ్చింది?

మరి సరిచూడటం అనే మాట పెత్తనం ఎలా అయింది? పెద్ద రహస్యమేమీ లేదు. రెండో పుస్తకం చేతిలో ఉన్నవాడు "ఇది చెల్లదు" అనగలడు. అలా అనగలిగిన మనిషికి ఎదుటివాళ్ళు లొంగడం మొదలుపెడతారు. పదిహేనో శతాబ్దం నడిమికి వచ్చేసరికే కంట్రోలు అంటే నడిపించడం, లొంగదీసుకోవడం అనే అర్థం పాతుకుపోయింది. పుస్తకం మరుగున పడింది, పెత్తనం మిగిలింది.

మన 'పెత్తనం' మాత్రం తక్కువదా? అది 'పెద్దతనం' అన్న మాటే, నోళ్ళలో నలిగి నలిగి అలా అయింది. ఇంటికి పెద్దగా ఉండటం అన్న మంచి మాట ఎలా దిగజారిందో చూడండి. "ఆవిడ పెద్దతనం" అంటే గౌరవం, "ఆవిడ పెత్తనం" అంటే ఒళ్ళుమంట! 'నియంత' ఇంకా చిత్రం. సంస్కృతంలో ఆ మాటకి రథం తోలేవాడనీ, గుర్రాల్ని అదుపు చేసేవాడనీ అర్థం. ఇప్పుడు నియంత అంటే మనకి హిట్లరు గుర్తొస్తాడు. పగ్గాలు, కళ్ళెం, ముకుతాడు... ఒకరిని అదుపు చెయ్యడానికి మన భాషలో ఉన్న ఈ మాటలన్నీ పశువుల కొట్టంలోంచి వచ్చినవే. ఇంగ్లీషువాళ్ళ 'మేనేజ్' కూడా అంతే. ఇటలీలో గుర్రాల్ని చేత్తో పట్టి మాలిమి చేసే పని నుంచి వచ్చింది. "నేను మేనేజ్ చేసుకుంటాలెండి" అని మీరు మీవారిని ఉద్దేశించి అన్నప్పుడు ఈ సంగతి గుర్తుకొస్తే నవ్వు ఆపుకోండి.

'మానిప్యులేట్' అని ఇంకో మాట ఉంది. తియ్యగా మాట్లాడి మనిషిని తనకి కావలసినట్టు ఆడించడం. దాని మూలం లాటిన్‌లో 'మానిపులస్', అంటే గుప్పెడు! మందులు కలిపేవాళ్ళకి అది కొలత, మనం గుప్పెడు కరివేపాకు అన్నట్టు. మనమూ "మొగుణ్ణి గుప్పిట్లో పెట్టుకుంది" అంటాం కదా. వాళ్ళ భాష మనకి తెలియదు, మనది వాళ్ళకి తెలియదు. పిడికిలి మాత్రం ఇద్దరిదీ ఒకటే.

కంట్రోలు బియ్యం

ఈ మాట మన ఊళ్ళలోకి ఏ దారిన వచ్చింది? భార్యాభర్తల గొడవల దారిన కాదు, బియ్యం దారిన. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో తిండిగింజలకీ, బట్టకీ, కిరసనాయిలుకీ కరువొచ్చినప్పుడు సర్కారు ధర కట్టి, ఇంత మందికి ఇంతని కొలిచి ఇచ్చింది. అదే కంట్రోలు. మీ ఇంట్లో ఎనభై దాటినవాళ్ళుంటే "కంట్రోలు రోజులు" అని కదిపి చూడండి, కథలు కథలుగా చెబుతారు. ధాన్యానికి పుట్టిల్లయిన కృష్ణా డెల్టాలో బియ్యానికి క్యూ కట్టడమేమిటని అప్పటివాళ్ళకి ఎంత కష్టంగా ఉండేదో! అప్పుడు మనది మద్రాసు రాష్ట్రం. 1952లో రాజాజీ ముఖ్యమంత్రిగా వచ్చి బియ్యం మీద కంట్రోలు ఎత్తేశారు.

కంట్రోలు పోయింది గానీ మాట పోలేదు. చౌకడిపోకి 'కంట్రోలు షాపు' అన్న పేరు స్థిరపడిపోయింది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు దాన్ని కొందరు కోటా బియ్యమన్నారు, కొందరు స్టోరు బియ్యమన్నారు, ఎక్కువమంది కంట్రోలు బియ్యమనే అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో బియ్యం బండ్లు వీధుల్లోకి వచ్చాయి, 2025 జూన్ నుంచి మళ్ళీ డిపోకే వెళ్ళి తెచ్చుకోవాల్సి వచ్చింది. మాట మాత్రం చెక్కు చెదరలేదు.

చిత్రమేమిటంటే ఆ షాపు దగ్గర అసలు అర్థమే నడిచింది. మీ కార్డు మీద ఒక రాత, డీలరు రిజిస్టర్లో ఒక రాత. ఇప్పుడు మిషను మీద వేలిముద్ర. ఇంకో మంచి మాట చెప్పనా? 2013 జాతీయ ఆహార భద్రత చట్టం 13వ సెక్షను ప్రకారం, రేషను కార్డు ఇచ్చేటప్పుడు ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీలలో పెద్దావిణ్ణే కుటుంబ పెద్దగా రాయాలి. మీ కార్డు తీసి చూసుకోండి. బియ్యం లెక్కకి ఇంటిపెద్ద మీరే. మిగతా లెక్కలకో?

ఇంకో కంట్రోలు సంగతి కూడా చెప్పుకోవాలి. 'బర్త్ కంట్రోల్' అన్న మాటని 1914లో అమెరికాలో మార్గరెట్ సాంగర్ అనే నర్సు వ్యాప్తిలోకి తెచ్చింది. తన కడుపున ఎప్పుడు బిడ్డ పుట్టాలో ఆడదే తేల్చుకోవాలని ఆమె ఉద్దేశం. 1935 డిసెంబరులో వార్ధా వచ్చి గాంధీగారితో వాదించింది కూడా. ఆయన ఒప్పుకోలేదు. మన దగ్గర అది 'కుటుంబ నియంత్రణ' అయింది, 'కు.ని. ఆపరేషన్' అయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ పెళ్ళయిన స్త్రీలలో సుమారు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు! మగవాళ్ళకి చేసేదే చిన్న ఆపరేషనని డాక్టర్లు మొత్తుకుంటున్నా కత్తి మాత్రం మన మీదే. నియంత్రణ ఎవరిది, కోత ఎవరికి?

ఒక్క పుస్తకం ఉన్న ఇల్లు

ఇప్పుడు ఇంట్లోకి వద్దాం. ఇంటి ఖర్చుకి లెక్క రాయడం, అడగడం తప్పని నేననను. పాలవాడికి ఎంత, కూరలకి ఎంత అని ఇద్దరూ కూర్చుని చూసుకుంటే ఆ ఇల్లు పచ్చగా ఉంటుంది. కానీ కొన్ని ఇళ్ళున్నాయి. ఆవిడ కొత్తిమీర కట్టకీ లెక్క చెప్పాలి, ఆయన జీతమెంతో ఆవిడకి తెలియదు. ఆవిడ ఉద్యోగం చేస్తుంది, ఏటీఎం కార్డు ఆయన జేబులో ఉంటుంది. ఆవిడ ఫోన్ ఎవరైనా తీసి చూడొచ్చు, ఆయన ఫోన్‌కి తాళం. అమ్మావాళ్ళింటికి వెళితే గంటకోసారి వీడియో కాల్, "వెనక ఎవరో కనిపిస్తున్నారే?" అని. అన్నిచోట్లా మొగుడే అనుకోకండి. కొన్నిచోట్ల ఆ పుస్తకం అత్తగారి చేతిలోనో, ఆడపడుచు చేతిలోనో ఉంటుంది.

కొట్టలేదు, తిట్టలేదు. అందుకే ఆ పిల్లకి కూడా ఏమని చెప్పుకోవాలో తెలియదు. "మా ఆయన కంట్రోల్ ఎక్కువండీ" అని నవ్వేసి ఊరుకుంటుంది. వినేవాళ్ళు "ప్రేమ ఎక్కువ లేవే" అంటారు.

దీనికో పేరుండాలని పట్టుబట్టినవాడు ఇవాన్ స్టార్క్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త. 2007లో ఆయన రాసిన పుస్తకం పేరే 'కోయెర్సివ్ కంట్రోల్', బలవంతపు కంట్రోలు అన్నమాట. దెబ్బలు లెక్కపెట్టడం కాదు, డబ్బు, రాకపోకలు, స్నేహాలు, నిద్ర, బట్టలు ఇలా ఒక్కొక్కటే చేతిలోంచి లాగేసుకోవడాన్ని చూడాలన్నాడు ఆయన. 2015లో ఇంగ్లండు, వేల్సులలో అది నేరమైంది, ఐదేళ్ళ దాకా జైలు. ఛాసర్ రేవులో కూర్చుని ఎదురు లెక్క రాసిన దేశంలోనే, ఆ మాట ఆరున్నర శతాబ్దాల తరవాత నేరం పేరులోకి ఎక్కింది!

మన దేశంలో చట్టం అంతకంటే ముందే వచ్చింది, ఆ సంగతి చాలామందికి తెలియదు. 2005 గృహహింస చట్టం, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాంట్లో హింస అంటే దెబ్బలొక్కటే కాదు. మాటలతో, మనసుని నలిపి పెట్టేది హింసే. డబ్బు విషయంలో పెట్టే బాధ కూడా హింసేనని విడిగా రాశారు. ఇంటి అవసరాలకి డబ్బివ్వకపోవడం, స్త్రీధనం లాక్కోవడం, ఆమెకి తెలియకుండా నగలూ సామాన్లూ అమ్మేయడం, ఆమెకి హక్కున్నవాటిని వాడుకోనివ్వకపోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. రక్షణ అధికారికైనా చెప్పుకోవచ్చు, నేరుగా మేజిస్ట్రేటు కోర్టులోనైనా అర్జీ ఇవ్వొచ్చు. అర్జీ అందాక మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి వాయిదా వెయ్యాలని, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. (కోర్టుల సంగతి మీకు తెలుసు, అరవై రోజులు అరవై రోజులుగా ఉండవు. అయినా అడగడానికి ఆ అంకె పనికొస్తుంది.) ఎవరితో మొదలుపెట్టాలో తెలియకపోతే 181 మహిళా హెల్ప్‌లైన్.

రెండో పుస్తకం మన చేతిలో

ఇళ్ళలో లేని రెండో పుస్తకం మన పల్లెటూళ్ళలో ఇంకోచోట ఉంది. పాలకేంద్రంలో! జంక్షన్ చుట్టుపక్కల ఏ ఊళ్ళో చూసినా పొద్దున్నే క్యాను పట్టుకుని వచ్చే ఆడవాళ్ళు ఉంటారు. ఎన్ని లీటర్లు, వెన్న ఎంత అని కేంద్రంలో ఒక లెక్క, ఆవిడ చేతిలో కార్డు మీదో, చీటీ మీదో ఇంకో లెక్క. పదిహేను రోజులకి డబ్బులొచ్చినప్పుడు ఆ చీటీలన్నీ పరుచుకుని కూడుకుంటారు చూడండి, చదువురానివాళ్ళు కూడా పైసా తేడా రానివ్వరు. "ఈవేళ వెన్న ఎందుకు తగ్గింది?" అని నిలదియ్యగలిగేది చేతిలో చీటీ ఉంది గనకే.

పొదుపు సంఘాల్లోనూ అంతే. సంఘానికి క్యాష్ పుస్తకం, లెడ్జరు, తీర్మానాల పుస్తకం ఉంటాయి. సభ్యురాలికి తన పాస్‌పుస్తకం విడిగా ఉంటుంది. సమావేశం రోజు రెండూ ఎదురెదురుగా పెట్టుకోవాలి. సంఘం పుస్తకాలు రాసే అమ్మాయి దగ్గరే మీ పాస్‌పుస్తకం కూడా వదిలేస్తున్నారా? అయితే ఇవాళే తెచ్చుకోండి. ఆ అమ్మాయి మంచిదే కావచ్చు. ఛాసర్ కూడా మంచివాడే, అయినా సొంత చేత్తో రాయమన్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి 'స్త్రీశక్తి' పేరుతో ఆడవాళ్ళకి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చాక బస్సుల్లో ఒక మాట వినబడుతోంది. "డబ్బులివ్వక్కర్లేదుగా, టిక్కెట్టెందుకు దండగ?" అని. అది సున్నా రూపాయల టిక్కెట్టే. కానీ ఆ టిక్కెట్టు లెక్కే ప్రభుత్వం ఆర్టీసీకి కట్టే డబ్బుకి ఆధారం. ఎదురు చుట్ట అన్నమాట! కండక్టరు ఇస్తే కాదనకండి.

ఇక పెళ్ళి పెట్టుకున్న ఇళ్ళవాళ్ళకి. వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. దాని కింద 1985 అక్టోబరు 2 నుంచి ఒక రూలు ఉంది, పెళ్ళిలో వచ్చిన కానుకల జాబితాల గురించి. పెళ్ళికూతురికి వచ్చినవాటి జాబితా పెళ్ళికూతురి దగ్గరే ఉండాలి. పెళ్ళికొడుకుకి వచ్చినవాటి జాబితా అతని దగ్గర. రెండిటి మీదా ఇద్దరూ సంతకాలు పెట్టాలి. రెండు చుట్టలు, రెండు చేతులు! శుభలేఖకి ఎన్ని రంగులుండాలో నాలుగు వారాలు చర్చించే మనం ఈ జాబితా గురించి నాలుగు నిమిషాలు ఆలోచించం. ఏమన్నా అంటే "వియ్యాలవారు ఏమనుకుంటారో" అంటాం. చట్టమే రాయమందని చెప్పండి, అందులో మొహమాటమేముంది? స్త్రీధనం అత్తవారింటి బీరువాలో ఉన్నంత మాత్రాన భర్త సొత్తు అయిపోదని, ఆయన దాన్ని కాపాడేవాడు మాత్రమేనని, అడిగితే తిరిగి ఇవ్వకపోవడం నమ్మకద్రోహం నేరమవుతుందని అదే 1985లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ ఏమేం ఉన్నాయో రాసి లేకపోతే అడగడం ఎలా?

జాబితా పెళ్ళి రోజునే రాయాలి, కుదరకపోతే తరవాత వీలైనంత త్వరగా. వస్తువు ఏమిటో రెండు ముక్కల్లో రాయాలి, సుమారు ఖరీదు వెయ్యాలి, ఇచ్చినవారి పేరు, చుట్టరికం ఉంటే ఏ వరసో రాయాలి. ఇంతవరకు రూల్లో ఉన్నది. నన్నడిగితే బంగారానికి గ్రాములు కూడా వేసి, షాపు బిల్లులు దానికే గుచ్చి, ఒక జిరాక్సు పుట్టింట్లో ఉంచండి. ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోవడం మంచిదే గానీ, ఫోన్ ఎవరి చేతికి పోతుందో చెప్పలేం, కాగితమే నయం. పెళ్ళికూతురికి సంతకం రాకపోతే జాబితా ఆమెకి చదివి వినిపించి, చదివినవారి సంతకం దాని మీద పెట్టించుకుని, అప్పుడు ఆమె వేలిముద్ర వెయ్యొచ్చని కూడా ఆ రూల్లోనే ఉంది.